కొత్త చెంప

తన చర్మం చెప్పే మాటనే నమ్మలేని మనిషి ఇక దేన్ని ఆధారం చేసుకుని నిలబడాలి? ఆరో నంబరు సింకు ముందు, ఎడమ చెంప మీద పటికరాయి రుద్దుకుంటూ అతను తనకు తాను వేసుకున్న ప్రశ్న ఇది. కుడి చెంప మీద పటిక చల్లగా జారిపోయింది. ఎడమ వైపు మాత్రం చెవి కింద మొదలై దవడ ఎముక వెంట గడ్డం దాకా సన్నగా మండింది, ఎవరో గోటితో గీత గీసినట్టు. ఇందులో సందేహానికి చోటెక్కడ? అయినా చీటీ మీద అంకె వెయ్యబోయేటప్పుడు అతని చెయ్యి ఈమధ్య ఒక్క క్షణం ఆగుతోంది. అలసట కావచ్చు అనుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా, సెలవు రోజు తప్పించి రోజూ గంట కొట్టగానే కత్తికి ఒప్పజెప్పిన ముఖం అది. రాయైనా అరుగుతుంది.

చీటీ మీద పదికి ‘మూడు’ అని వేసి, సంతకం పెట్టి, తుండుతో మెడ తుడుచుకున్నాడు.

ఆ కర్మాగారంలో రేజర్లు, బ్లేడులు, గడ్డం సబ్బులు తయారవుతాయి. ఏది తయారైనా బజారుకు పోయే ముందు ఈ గదిలోంచి పోవాలి. కాగితాల మీద దీనికి పెద్ద పేరే ఉంది. నోటి మాటలో మాత్రం గడ్డాల గది. ఆరు సింకులు, ఆరు అద్దాలు, ఆరుగురు మగవాళ్లు, వేడినీళ్ల ఆవిరి అద్దాల మీద పట్టకుండా నెత్తిన తిరిగే ఒక పాత ఫ్యాను. ఆ ఆరుగురూ ఇంటి దగ్గర గడ్డం గీసుకోకూడదు. నిన్నటి గడ్డాన్ని భద్రంగా మోసుకొచ్చి ఇక్కడే దింపాలి. గరుకు ముఖంతో పనికి పోయి నున్నటి ముఖంతో ఇంటికి వచ్చే మగవాళ్లు ఊరంతా గాలించినా వీళ్లే.

పద్ధతి ఎప్పుడూ ఒకటే. కుడి చెంపకు అందరూ ఎప్పుడో ఒప్పుకున్న పాత సబ్బు. ఎడమ చెంపకు పరీక్షకు వచ్చిన కొత్తది. రేజరు పరీక్షైనా అంతే. రెండు చెంపలకూ ఒకేసారి నురుగు పట్టించి, రెండు నిమిషాలు నాననిచ్చి, ముందు కుడి వైపు వెంట్రుక వాలుకు ఒకసారి, ఎదురుకు ఒకసారి గీసి, తరువాత ఎడమకు రావాలి. ఏళ్ల తరబడి ఇదే కావడంతో ఆ గదిలో కుడి ఎడమలన్న మాటలే పోయాయి. పాత చెంప, కొత్త చెంప అంటారు. దోమ కుట్టినా కొత్త చెంప మీదే కుట్టిందంటారు.

“జడ్జిగారూ, ఎంతేశారు?” అన్నాడు ఐదో సింకు దగ్గరి మీసాలాయన. ముఖమంతా కంపెనీకి రాసిచ్చినా మీసాన్ని మాత్రం వదులుకోని మనిషి.

“చీటీలు చూసుకోకూడదు.”

“చూసుకోవడమెందుకు, మీ మొహమే చెబుతోంది. నా కొత్త చెంప మీద రొట్టె కాల్చుకోవచ్చు. మా ఆవిడ మాట కూడా ఇంత మండదు.”

“మీ ఆవిడ మాట పదేళ్లుగా ఒకే చెంప మీద పడుతుందా?” అన్నాడు నాలుగో సింకు అతను. నవ్వులు పింగాణీకి తగిలి మోగాయి.

అతను నవ్వలేదు. అతని చీటీకి మిగతా ఐదింటికి లేని బరువు ఉంది. అంకెలు అటూ ఇటూ కాకుండా ఊగినప్పుడు ఆరో సింకు చీటీ ఎటు మొగ్గితే అటే తీర్పు. అందుకే జడ్జి. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు, ఇప్పుడది వేళాకోళమో గౌరవమో కూడా తెలియదు.

మెడలో మీట నొక్కితే ఆగే గడియారం వేలాడేసుకుని తిరిగే సూపర్‌వైజరు వచ్చి చీటీలు పోగు చేసుకున్నాడు. ఆయన్ని అందరూ గడియారం సారంటారు. ఆరు చీటీలూ వేళ్లతో విసనకర్రలా పరిచి చూసి, మళ్లీ ఒక్కటిగా సర్ది, “ఇంకా రెండు ఉదయాలున్నాయిలెండి,” అన్నాడు, ఎవరినీ చూడకుండా.

తలుపుకున్న గుండ్రటి అద్దం వెనక ఒక ముఖం కనిపించి, తప్పుకుంది.

సబ్బు వండే బాన దగ్గర పందొమ్మిదేళ్లుగా పని చేస్తున్న మనిషి ఆమె. బానక్క అంటారు. ఒకరు చెప్పిన పాళ్లలో వండటమే అంతకాలం చేసింది. పోయిన ఏడాది మొదటిసారి, తన పాళ్లతో ఒక గడ్డం సబ్బు వండుతానని అడిగి ఒప్పించుకుంది. మొదటి వంట ఈ గదిలో తప్పింది. రెండోదీ తప్పింది. ఇది మూడోది. మూడూ తప్పితే బాన వేరొకరికి పోతుంది, ఆమె అట్టపెట్టెలు మడిచే విభాగానికి పోతుంది. ఆ సంగతి నోటీసు బోర్డు మీద లేదు గానీ అందరి నోళ్లలోనూ ఉంది.

నడవలో ఆమె అతని కోసమే నిలబడి ఉంది. ఆప్రాను తడిగా ఉంది. వేళ్ల కణుపుల దగ్గర చర్మం నెర్రెలిచ్చి తెల్లబడింది.

“అన్నయ్యా, ఒక్క మాట.”

“చీటీల సంగతి మాట్లాడకూడదమ్మా.”

“చీటీల సంగతి నాకెందుకు? మంట సంగతి చెప్పు. ఎక్కడ మండింది?”

అతను వేలితో చూపించాడు. చెవి కింద నుంచి గడ్డం దాకా.

ఆమె తల ఊపింది, డాక్టరు ఊపినట్టు. “మొదటి వంటప్పుడూ అక్కడే అన్నారు. అప్పుడు నాదే తప్పు, నురుగు పొంగాలని కొబ్బరినూనె ఎక్కువ పోశాను. రెండోసారి సగానికి తగ్గించాను. అక్కడే మండింది. ఈసారి కొవ్వు పెంచి, క్షారం పిసరంత తగ్గించి, రెండు నెలలు ఆరబెట్టాను. మళ్లీ అక్కడే. మూడు వంటలకూ పొంతన లేదు. మూడూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే చోట ఎట్లా మండుతాయి?”

“నేను వంటవాణ్ణి కాను. చర్మం చెప్పింది రాస్తాను.”

ఆమె ఆప్రాను జేబులోంచి కాగితం చుట్టిన సబ్బు ముక్క తీసి, గోటితో పెచ్చు లేపి నాలుక కొసకు తాకించుకుంది. క్షారం మిగిలిన సబ్బు నాలుకను సూదిలా పొడుస్తుంది. వండేవాళ్లు సబ్బును అట్లాగే పోల్చుకుంటారు. ఆమె ముఖంలో ఏమీ కదల్లేదు. “చూశావా. నాలుకకు తగలని ఘాటు చెంపకెట్లా తగులుతుంది? ఒక్కసారి పాత చెంప మీద పెట్టి చూడన్నయ్యా.”

“పద్ధతి ఒప్పుకోదు.”

“పద్ధతికేమైనా ముఖముందా, మండటానికి?”

సరిగ్గా అప్పుడు మాట తూలింది. కోపంతో కాదు; కోపానికి కూడా కొంత ఓపిక కావాలి. ఈ సంభాషణ అయిపోతే చాలు, కాసేపు కూర్చుంటే చాలు అనిపించి అన్నాడు: “నీ చెయ్యి ఘాటమ్మా. కొందరి చెయ్యి అంతే. ఎన్ని పాళ్లు మార్చినా చెయ్యి మారదు.”

ఆమె తన చేతులకేసి చూసుకుంది, అవి ఎవరివో తెచ్చి తగిలించినట్టు. అటు ఇటు తిప్పి చూసి, సబ్బు ముక్కకు మళ్లీ కాగితం చుట్టి అతని చేతిలో పెట్టింది. “వాడకపోతే మానెయ్. పారెయ్యకు. జేబురుమాళ్లకైనా పనికొస్తుంది.”

మర్నాడు రెండో ఉదయం. గిన్నెలోని సబ్బు మీద తడి బ్రష్షును ముప్ఫై చుట్లు తిప్పితే నురుగు పాలమీగడలా నిలబడింది. నిజానికి ఆ నురుగులో వంక పెట్టడానికేం లేదు. బ్రష్షు ఎత్తితే కొస వంగి నిలిచింది, జారలేదు. బరువైన తల ఉన్న రేజరుతో పాత చెంపను గీశాడు. చర్మాన్ని రెండు వేళ్లతో చెవి వైపుకు లాగి పట్టి, బరువును రేజరుకే వదిలేసి, చిన్న చిన్న గీతలుగా. వాలుకు. తడిపి, ఎదురుకు. గడియారం సారు “తరువాతి వైపు” అనగానే ఆరు తలలూ ఒక్కసారిగా కుడికి తిరిగాయి, ఎడమ చెంపలు అద్దాలకెదురుగా. మూడో గీతకే రేజరు పట్టింది. లాగింది. పటిక పెడితే అదే గీత, అదే మంట.

మూడు.

“చెయ్యి ఘాటు మరి,” అన్నాడు మీసాలాయన, ముఖం కడుక్కుంటూ.

అతను చటుక్కున తల తిప్పాడు. “ఎవరన్నారు?”

“మీరే అన్నారుట కదా, నడవలో విన్నవాళ్లున్నారు. నిన్నటి నుంచి క్యాంటీనంతా అదే మాట. జడ్జిగారి నోట వచ్చాక ఇంకేముంది, రాసేసుకోవడమే.”

నోరు జారిన మాట నోటికంటే ముందు నడుస్తుంది. ఆ పూట పని ముగిసి అతను బయటికి పోతుంటే బాన గది తలుపు తీసి ఉంది. రేపటి సెలవు దాటితే బాన తన చేతికి వస్తుందనుకుంటున్న కొత్త మనిషి, తెడ్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె ఆ కుర్రాడికి పని చెబుతోంది. ఏమీ దాచుకోకుండా. “కంటితో చూస్తే తెలియదు బాబూ, చెవి పెట్టు. నీళ్లున్నంతసేపు గుడగుడమంటుంది. చిక్కబడ్డాక గొంతు మారుతుంది, ముసలాళ్లు నిట్టూర్చినట్టు. అప్పుడు మంట తగ్గించు. ఒక్క నిట్టూర్పు ఆలస్యమైతే అడుగంటుతుంది.” అతను తలుపు దగ్గర ఆగాడు. ఆమె చూసింది. పలకరించలేదు, పలకరించకుండానూ ఉండలేక చేతిలోని గుడ్డతో బాన అంచు తుడవడం మొదలుపెట్టింది. అప్పటికే అది మెరుస్తోంది.

సెలవు రోజు పొద్దున్నే అతను ఇంట్లో స్నానాల గది అద్దం ముందు నిలబడ్డాడు. అద్దం మూల రసం ఊడి, అతని భుజం ఉండాల్సిన చోట నల్లటి మచ్చ ఉంది. రెండు గిన్నెలు, రెండు బ్రష్షులు, గడ్డాల గదిలో వాడేలాంటిదే ఒక రేజరు, కొత్త బ్లేడు. ఇరవై రెండేళ్లలో ఇంటి నీళ్లతో తన గడ్డం తడపడం ఇదే మొదలు. దొంగతనం చేస్తున్నట్టు చెవులు రిక్కించి ఉన్నాడు.

భార్య ఉతికిన తువ్వాళ్లు భుజాన వేసుకుని గుమ్మంలో ఆగిపోయింది. “ఏమండీ! ఇవాళ మీ ముఖానికి సెలవు లేదా?”

“చిన్న పని.”

“పెళ్లైన కొత్తలో అడిగాను, ఒక్కరోజు ఇంట్లో గీసుకోండి చూస్తానని. రూలన్నారు. కంపెనీ వాడుకోగా మిగిలిన ముఖంతోనే ఇన్నేళ్లూ కాపురం చేశాను. ఇప్పుడా వరమిచ్చేది?”

అతను బానక్క సబ్బును పాత చెంపకు, అంటే కుడి వైపుకు, పట్టించాడు. పాత సబ్బును ఎడమకు. అటుదిటు, ఇటుదటు మార్చడం తప్ప ఇంక దేన్నీ మార్చలేదు. ఒకేసారి రెండు సంగతులు మారిస్తే ఏది ఏం చేసిందో తెలియదు. ఇది అతను కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెప్పే మొదటి పాఠం. రెండు నిమిషాలు ఆగాడు. అలవాటు ప్రకారం కుడి నుంచి మొదలెట్టాడు.

రేజరు నడిచింది. నడిచిందంటే, అది చెంప మీద ఉన్న సంగతి తెలియలేదు. వాలుకు, ఎదురుకు. దవడ మలుపు దగ్గర, ఎక్కడైతే మండుతుందని ఎదురుచూస్తున్నాడో అక్కడ, మెల్లగా, మరింత మెల్లగా పోనిచ్చాడు. ఏమీ లేదు. వేలి వెనక భాగంతో తడిమి చూసుకున్నాడు. అద్దంలోని మనిషి ముఖం చూస్తే సంతోషించాల్సినవాడిలా లేదు.

“ఏమండీ, ఆ రెండో వైపు ఏదో పొలుసు కట్టింది.”

“ఏం పొలుసు?”

“నురుగే. ఎండిపోయింది. ఈ వైపునే ఇంతసేపు సాగదీస్తే అటుదెండదూ? సబ్బు పెట్టి వదిలేసిన గిన్నెను చూడలేదా ఎప్పుడూ? ముందటుది కానివ్వాల్సింది.”

“ముందిటే గియ్యాలి.”

“ఎవరన్నారు?”

“పద్ధతి,” అన్నాడు. ఆ మాట స్నానాల గదిలో వేరే గొంతులా వినిపించింది.

ఎడమ వైపు రేజరు పెట్టాడు. మూడో గీతకు పట్టింది. లాగింది. పటిక పెట్టుకున్నాడు. చెవి కింద నుంచి గడ్డం దాకా, ఎవరో గోటితో గీసినట్టు. అతను గిన్నెను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు, పొరపాటున తారుమారు చేశానేమోనని. కాదు. ఎడమ చెంప మీద మండుతున్నది పాత సబ్బే. ఇరవై రెండేళ్లుగా దేనితో పోల్చి అన్నింటినీ కాదన్నాడో, ఆ సబ్బు.

బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. గడ్డాల గదిలో ఇంకా ఫ్యాను కూడా ఉంది. కుడి చెంపకు నాలుగు నిమిషాలు పడుతుంది, ఒక్కోసారి ఐదు. అంతసేపూ కొత్తది గాలికి ఆరుతూ తన వంతు కోసం కాచుకుని ఉంటుంది. చర్మం అబద్ధం చెప్పలేదు. మండుతోందని మాత్రమే అంది. ఎందుకని అది ఎన్నడూ చెప్పలేదు. చెప్పడం దాని పని కాదు. ఆ మంట కింద సబ్బు పేరు రాసింది తను.

“ఒంట్లో బాగాలేదా?” భార్య గొంతు మారింది.

“బాన దగ్గరామె ఉందన్నానే. రేపు మూడో పరీక్ష. రేపటితో ఆమెకు బాన పోతుంది.”

“మీ చీటీ మీదా?”

“నా చీటీ మీదే. చెయ్యి ఘాటని కూడా నేనే అన్నాను.”

ఆమె తువ్వాలు ఒకటి తీసి, ఉన్న మడతనే మళ్లీ మడిచింది. “చీటీ అయితే చింపెయ్యొచ్చు. ఆ రెండోదాన్నేం చేస్తారు?”

అతను లేచి లోపలి గదిలోని సొరుగు లాగాడు. పరీక్షలో తప్పిన రేజర్లలో నచ్చిన రూపాలను ఇంటికి తెచ్చుకోనిచ్చేవారు. పదిహేడు ఉన్నాయి. పొడుగు పిడిది, మూడు ముక్కలుగా విడేది, పువ్వులా తల విచ్చుకునేది. అన్నీ కొత్త చెంప మీదే నడిచినవి, అన్నీ కొత్త చెంప మీదే ఓడినవి. దువ్వెన పళ్లున్న ఒకదాన్ని ఏరి, బ్లేడు బిగించాడు. దీని మీద తను రాసిన మాట గుర్తుంది: ‘గీరుతుంది’. మెడ మీద కుడి సగం ఇంకా మిగిలి ఉంది. తడి నురుగు పెట్టి, మెడ ఎత్తి, కింద నుంచి పైకి ఒక్క గీత గీశాడు. గీరలేదు. ఆ పళ్లను ఆకురాయితో ఒక్కొక్కటే నున్నగా తీర్చిన మేస్త్రి ఆ తరువాత గోడౌనుకు మారాడు. ఎదురుపడ్డప్పుడు ఇప్పటికీ నవ్వుతాడు.

మూడో ఉదయం అతను గంట కంటే ముందే వచ్చాడు. రాత్రంతా ఒక సులువైన దారిని అల్లుకున్నాడు: సారు చెవిన వేస్తే సరి. ఆయన వరస మారుస్తాడు. ఎవరి పేరూ రాకుండా, ఎవరికీ నొప్పి లేకుండా జరిగిపోతుంది.

గడియారం సారు అతని ముఖం చూడగానే కనిపెట్టాడు. “ఇది రెండు రోజుల గడ్డం కాదే. నిన్న గీసుకున్నారా?”

“గీసుకున్నాను.”

“మీరా!” అన్నాడాయన, గడియారాన్ని బల్ల మీద పెడుతూ. అతను నిలబడే చెప్పాడు, సబ్బులు మార్చి చూసింది, నురుగు ఎండింది, పాత సబ్బే మండింది. సారు వినడం మొదలుపెట్టినప్పుడు ముందుకు వంగి ఉన్నాడు. ముగిసేసరికి కుర్చీలో వెనక్కి ఒరిగి ఉన్నాడు.

“అది అంత తెలివితక్కువ పద్ధతి అంటారు.”

“తెలివితక్కువని కాదు సార్. ఎవరో పెద్దవాళ్లు ఏదో మంచికే పెట్టి ఉంటారు. ఎవరూ వెనక్కి తిరిగి చూసుకోలేదు.”

సారు అలమరా తెరిచి, అట్ట చివికిన పుస్తకం ఒకటి తీసి, మొదటి పేజీ విప్పి అతని వైపు తిప్పాడు. సిరా గోధుమ రంగుకు తిరిగింది. ‘ముందు కుడి, తరువాత ఎడమ. అందరూ ఒకే వరసన. అప్పుడే అంకెలు కుదురుతాయి.’ కింద సంతకం. ‘డ’ తలకట్టును అనవసరంగా పైకి లాగే ఆ అలవాటు ఎవరిదో ఎవరూ అతనికి చెప్పనక్కర్లేదు. అప్పట్లో ఎవడికి తోచిన చెంప నుంచి వాడు మొదలెట్టేవాడు, అంకెలు పది దిక్కులకు పోయేవి. ఈ మూడు వాక్యాలూ రాసిచ్చిన మర్నాడే అతన్ని ఆరో సింకుకు మార్చారు. అంకెలు కుదిరాయి. కుదిరితే నిజమే అనుకున్నారు, అతనితో సహా.

“మీకు గుర్తుందనుకున్నాను,” అన్నాడు సారు, దాదాపు జాలిగా.

“లేదు సార్. నాకంటే పాతదనుకున్నాను.”

గోడకవతల కుళాయిలు విప్పిన చప్పుడు, మీసాలాయన దగ్గు.

“ఒక పని చెయ్యండి,” సారు గొంతు తగ్గించాడు. “ఇవాళ మీ చీటీ మీద ఏడు వెయ్యండి. మిగతావాళ్లవి ఎట్లా ఉన్నా మీదే కదా తేల్చేది. ఆవిడ బాన ఆవిడకుంటుంది. ఈ పుస్తకం అలమరాలో ఉంటుంది. మీకూ ఇంకెన్నేళ్లని, మూడేళ్లు. గౌరవంగా వెళ్లిపోదురు గాని.”

అది దయతో అన్న మాటే. అందుకే దాన్ని వెంటనే తోసెయ్యడం కష్టమైంది. ఏడు. ఒక్క గీత, ఒక్క వంపు. ఆమెకు బాన మిగులుతుంది. కానీ జడ్జి కనికరించాడని చెప్పుకుంటారు. చెయ్యి ఘాటుదే, ముసలాడి మనసు మెత్తబడిందంటారు. రేపు ఇంకెవరో ఇంకేదో చేసుకొస్తే అది మళ్లీ ఎండుతున్న చెంప మీదే తన వంతు కోసం నిలబడుతుంది.

“అదీ చూడకుండా వేసిన అంకే అవుతుంది సార్. ఆమె సబ్బుల మీద నేను రాసిన చీటీలు ఇప్పించండి, కొట్టేస్తాను.”

“తను రాసిన చీటీని తనే కొట్టేసినవాడు మళ్లీ చీటీ రాయకూడదు. ఆ సింకు మీది కాకుండా పోతుంది. తెలుసు కదా?”

“తెలుసు.”

“అది కూడా మీరు రాసిందేనా?”

“కాదు. అది నిజంగానే నాకంటే పాతది.”

సారు పెదవి కొస కదిలింది. సొరుగులోంచి చీటీల కట్ట తీసి, ఎనిమిది ఏరి బల్ల మీద పెట్టాడు. మొదటి వంటవి మూడు, రెండో వంటవి మూడు, ఈ వంటవి రెండు. అతను కూర్చుని ఒక్కొక్కదాని మీదా అడ్డగీత కొట్టి, పక్కన ‘పరీక్ష సరిగా జరగలేదు’ అని రాసి, సంతకం పెట్టాడు. ఎనిమిదిసార్లు. తరువాత పుస్తకం దగ్గరికి లాక్కుని మొదటి పేజీ మీద కూడా అదే గీత కొట్టాడు. కలం మూత పెట్టి గడ్డాల గదిలోకి నడిచాడు.

ఐదుగురూ రెండు చెంపలకూ నురుగు పట్టించుకుని, రేజర్లు పట్టుకుని, గడియారం కోసం చూస్తున్నారు. ఆరో గిన్నె పొడిగా ఉంది.

“ఆగండి,” అన్నాడు. “ఇవాళ ఎడమ నుంచి మొదలెట్టండి.”

ఐదు తెల్లటి ముఖాలు అద్దాల్లోంచి అతన్ని చూశాయి. “ఎవరి రూలండీ ఇది?” అన్నాడు మీసాలాయన.

“నాది.”

“మరి ఇన్నాళ్లూ కుడి ముందన్నది?”

“అదీ నాదే.”

ఎవరూ నవ్వలేదు. మీసాలాయన రేజరు దించాడు. “జడ్జిగారూ, బానక్క మీద జాలిపడితే పడండి. మా చెంపలతో ఎందుకు?”

“ఆమె సబ్బు మంచిదని నేననడం లేదు. దాన్ని మనమింతవరకూ చూడలేదంటున్నాను. ఆమె చెయ్యి ఘాటని అన్నది నేనే. అదీ చూడకుండా అన్నదే. క్యాంటీనులో ఆ మాట ఎంతమందికి చెప్పారో ఇది కూడా అంతమందికీ చెప్పండి.” అతను దగ్గరికి పోయి మీసాలాయన ఎడమ చెంప మీద వేలు ఆనించాడు. తెల్లటి పెచ్చు ఒకటి ఊడి వేలి కొసకు అంటుకుంది. “ఈ రెండు మాటల వ్యవధికే ఎట్లా ఆరిందో చూడు.”

మీసాలాయన ఆ వేలిని చూశాడు. అద్దంలో తన ఎడమ చెంపను చూసుకున్నాడు, మొదటిసారి చూస్తున్నట్టు. మిగతా నలుగురూ మెల్లగా తమ చెంపలు తాకి చూసుకున్నారు. వాకిట్లో గడియారం సారు నిలబడి ఉన్నాడు. బొటనవేలు మీట మీద ఉంది గానీ నొక్కలేదు, వద్దని కూడా అనలేదు.

అతను చొక్కా చేతులు పైకి మడిచాడు. మీసాలాయన ముందున్న గిన్నెలోంచి బ్రష్షు తీసి, కుళాయి వేడినీళ్లలో ముంచి, విదిల్చి, బానక్క సబ్బు మీద తిప్పడం మొదలుపెట్టాడు. ముప్ఫై చుట్లు. “గడ్డం ఎత్తు,” అన్నాడు. ఎండిన నురుగును తడిగుడ్డతో తుడిచేసి, చెవి కింద నుంచి దవడ వెంట గడ్డం దాకా కొత్త నురుగును వెంట్రుకల వేళ్లకు పట్టేలా, గుండ్రంగా, తొందర లేకుండా రుద్దాడు. మరొకరి ముఖానికి నురుగు పట్టించడం అతనికిదే మొదలు.

“ఊఁ. ఇప్పుడు గియ్యి.”